సెన్సర్ మార్చమన్నారు, మార్చేయాలా?

ఇంజన్‌కు గాలి వెళ్లే దారిని తెరిచి మూసే పలక (థ్రాటిల్) ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: నాది 2009 మోడల్ పెట్రోలు కారు. యాక్సిలరేటర్ పెడల్ నుంచి, గాలి పలక ఉండే థ్రాటిల్ బాడీకి కేబుల్ ఉండే పాత రకం. ఊళ్లో 30, 40 కిలోమీటర్ల వేగంతో నిలకడగా నడుపుతుంటే చిన్న చిన్న కుదుపులు వస్తున్నాయి. హైవే మీద వేగం పెంచితే మాత్రం బండి శుభ్రంగా పోతుంది. సిగ్నల్ దగ్గర పెడల్ మీద నుంచి కాలు తీసినప్పుడు ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతోంది. చెక్ ఇంజన్ లైటు వెలిగి, కొన్నాళ్లకు తనంతట తానే ఆరిపోయింది. స్పార్క్ ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు మార్పించినా గుణం కనిపించలేదు. ఇప్పుడు మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, పి0121 కోడ్ వచ్చింది కాబట్టి థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ మార్చాలంటున్నారు. డబ్బు పెట్టే ముందు ఆ సెన్సరే పోయిందని రూఢి చేసుకోవడం ఎలా? నా దగ్గర మామూలు మల్టీమీటర్ ఉంది.
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ మెకానిక్ అనుమానం నిరాధారమైనది కాదు. తక్కువ వేగంలో నిలకడగా వెళ్లేటప్పుడే కుదుపులు రావడం, వేగం పెంచితే పోవడం అన్న వివరంలో ఈ సెన్సర్ అరుగుదల జాడ స్పష్టంగానే ఉంది. అయితే ఆయన ఆధారంగా చూపుతున్న కోడ్ మాత్రం ఆ తీర్పుకు సరిపోదు. పి0121 అనే కోడ్ సెన్సర్ పోయిందని చెప్పదు. సెన్సర్ నుంచి వస్తున్న విలువకూ, ఇంజన్ వేగం, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి చేర్చే గొట్టంలోని) పీడనం వంటి ఇతర కొలతలను బట్టి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) వేసుకున్న అంచనాకూ పొంతన కుదరలేదని మాత్రమే చెబుతుంది. మానిఫోల్డ్ దగ్గర గాలి లీకవుతున్నా, ప్రెషర్ సెన్సర్‌కు వెళ్లే గొట్టం పగిలినా, థ్రాటిల్ బాడీలో కార్బన్ మసి పేరుకుపోయినా, వైరింగ్‌లో ఎక్కడో జాయింటు వదులైనా ఆ పొంతన అలాగే తప్పుతుంది. కొలిచి చూడకుండా విడిభాగాలు కొన్నందువల్లనే ప్లగ్గులకు, ఫిల్టరుకు పెట్టిన డబ్బు కలిసి రాలేదు; మూడోసారి అలా జరగకుండా చూద్దాం.

కేబుల్ బండ్లలో ఈ సెన్సర్ థ్రాటిల్ బాడీకి ఒక పక్కన, బటర్‌ఫ్లై పలకను మోసే ఇరుసు చివర, సాధారణంగా రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. పాత రేడియోలో శబ్దం పెంచి తగ్గించే బిరడా వెనక ఉండే భాగం లాంటిదే దీని లోపలా ఉంటుంది: వంపు తిరిగిన ఒక కార్బన్ పట్టీ, దాని మీద ఇరుసుతో పాటు జారే సన్నని లోహపు రేకు. పట్టీ ఒక కొసకు ఈసీయూ 5 వోల్టులు ఇస్తుంది, రెండో కొస ఎర్త్‌కు కలుస్తుంది, రేకు తాకిన చోట ఉన్న వోల్టేజి మూడో వైరు మీదుగా ఈసీయూకు తిరిగి వెళుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు సాధారణంగా 0.5 నుంచి 0.9 వోల్టుల మధ్య, పూర్తిగా తెరిచినప్పుడు 4 నుంచి 4.5 వోల్టుల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకెలు మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో దొరుకుతాయి. సున్నా నుంచి 5 వరకు పూర్తి మేరను వాడకపోవడం కావాలని చేసిన ఏర్పాటే. సిగ్నల్ వైరు ఎర్త్‌కు తగిలితే విలువ సున్నాకు పడిపోతుంది. సెన్సర్ ఎర్త్ ఊడిపోతే 5 దగ్గరికి ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ ఎన్నడూ చేరని ఆ రెండు అంచులను ఈసీయూ లోపంగా గుర్తించి పి0122, పి0123 అనే కోడ్లను నమోదు చేస్తుంది. మీ బండిలో ఆ రెండూ కాకుండా పి0121 వచ్చింది కాబట్టి వైరు పూర్తిగా తెగడం వంటి మొరటు లోపం కాదని ఊహించవచ్చు.

కార్బన్ పట్టీ అంతటా సమానంగా అరగదు. ఊళ్లో తిరిగే బండి థ్రాటిల్ రోజులో ఎక్కువ భాగం మూసిన స్థితికీ, పావు వంతు తెరుచుకున్న స్థితికీ మధ్యే కదులుతూ ఉంటుంది. రాపిడంతా పట్టీలోని ఆ కొద్ది మేర మీదే పడుతుంది. పూత లేచిపోయిన చోటికి రేకు వచ్చినప్పుడు స్పర్శ క్షణం పాటు తప్పి, వోల్టేజి ఒక్కసారి పడిపోయి మళ్లీ లేస్తుంది. వోల్టేజి పడగానే మీరు పెడల్ మీద నుంచి కాలు తీశారని ఈసీయూ అనుకుని పెట్రోలు తగ్గిస్తుంది, మరుక్షణం అది లేవగానే గట్టిగా తొక్కారని భావించి అదనంగా పోస్తుంది. మీకు తెలిసే కుదుపు అదే. హైవే మీద రేకు పట్టీలోని అరగని భాగానికి వెళ్లిపోతుంది గనుక బండి బాగుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోవడమూ దీనివల్లనే కావచ్చు. థ్రాటిల్ మూసుకుందన్న సంగతి సెన్సర్ సరిగా చెప్పకపోతే, ఐడ్లింగ్‌ను (పెడల్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడాన్ని) నిలబెట్టే పని మొదలుపెట్టాలని ఈసీయూకు తెలియదు.

మీటరు తీసే ముందు బానెట్ ఎత్తి కాసేపు కళ్లతో చూడండి. కనెక్టర్ లాక్ విరిగి వదులుగా ఉందా, పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిందా, వైర్లను ఎలుకలు కొరికాయా, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయి పలకను పూర్తిగా మూసుకోనివ్వడం లేదా అన్నవి గమనించండి. మీ బండికి ఎప్పుడైనా ఎల్‌పీజీ లేదా సీఎన్‌జీ కిట్టు బిగించి ఉంటే, అన్నిటికన్నా ముందు దాని వైరింగే చూడాలి. పాత కిట్లలో చాలావాటికి థ్రాటిల్ సిగ్నల్ కావాలి. అందుకోసం కొందరు ఆ వైరు మీది తొడుగు ఒలిచి, మరో వైరు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి వదిలేస్తారు. కొన్ని వానాకాలాలు గడిచాక ఆ టేపు కింద ఏం మిగులుతుందో విప్పి చూసినవాళ్లకు తెలుసు. తరవాత కిట్టు తీసేసినా అతుకు అక్కడే ఉండిపోతుంది.

ఇక కొలతలు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మేరలో పెట్టండి. కనెక్టర్‌ను ఊడదీయకుండా, దాని వెనక వైపు నుంచి వైరు పక్కగా సన్నని గుండుసూది దూర్చి, మీటరు ఎర్ర కొసను ఆ సూదికి తాకించాలి. వైరు మధ్యలో మాత్రం సూది గుచ్చకండి. ఆ రంధ్రం గుండా తేమ చేరి కొన్నాళ్లకు లోపలి రాగిని తినేస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ స్థితికి తిప్పండి. మీటరు నల్ల కొసను బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి మూడు వైర్లనూ ఒక్కొక్కటిగా చూస్తే, ఒకదానిలో 5 వోల్టులకు అతి దగ్గరగా, ఒకదానిలో దాదాపు సున్నా, మూడోదానిలో పైన చెప్పిన 0.5, 0.9 మధ్య విలువ కనిపించాలి. వైర్ల రంగులు బండికో రకంగా ఉంటాయి కాబట్టి ఈ విలువలతోనే వాటిని గుర్తుపట్టడం మేలు. 5 వోల్టులు కనిపించకపోతే కనెక్టర్ ఊడదీసి, దాని పిన్ను దగ్గర మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే లోపం ఈ సెన్సర్‌ది కాదు, వైరింగ్‌లోనో ఈసీయూ వైపునో ఉంది. ఎర్త్ వైరులో 0.1 వోల్టును మించి కనిపిస్తే ఎర్త్ సరిగా లేదని అర్థం. చాలా షెడ్లలో ఈ రెండూ చూడకుండా నేరుగా సిగ్నల్ వైరు మీదికి వెళ్లిపోతారు. ఎర్త్ పాడైన బండిలో ఎన్ని కొత్త సెన్సర్లు బిగించినా సిగ్నల్ తప్పుగానే వస్తుంది, పాత సెన్సర్ల కుప్ప మాత్రం పెరుగుతుంది.

సరఫరా, ఎర్త్ రెండూ బాగున్నాయని తేలాక, సిగ్నల్ వైరు మీద మీటరు ఉంచి, పక్కనున్న వారిని పెడల్ తొక్కమనండి. తొక్కడం చాలా నెమ్మదిగా, 10, 15 సెకన్ల పాటు సాగాలి, వదలడమూ అంతే. విలువ ఎక్కడా నిలిచిపోకుండా, వెనక్కి పడకుండా పెరుగుతూ పోవాలి. మీ విషయంలో మొదటి పావు వంతు మీదే దృష్టి పెట్టి, అక్కడే చాలాసార్లు ముందుకూ వెనక్కూ కదిలించి చూడాలి. డిజిటల్ మీటర్‌తో ఇక్కడొక చిక్కుంది. మామూలు రకాల్లో అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది కాబట్టి, రెప్పపాటులో పడి లేచిన వోల్టేజి దానికి అందకపోవచ్చు. లోపమున్న సెన్సర్ ఇలా పరీక్షలో నెగ్గిపోతుంది. మీ మీటర్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలను పట్టి ఉంచే మీట ఉంటే అది వాడండి. లేకపోతే ముల్లు కదిలే పాత అనలాగ్ మీటరు ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో చూడండి. ఇలాంటి పనికి అదే మెరుగని నా అభిప్రాయం, ముల్లు ఉలిక్కిపడితే కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ఆసిలోస్కోప్ (వోల్టేజి మార్పును తెర మీద గీతగా చూపే పరికరం) ఉన్న వర్క్‌షాప్‌లో అయితే సాఫీగా ఎక్కవలసిన గీత మీద నిలువుగా దిగిన గాటు కనబడుతుంది, ఇక వాదనకు తావుండదు.

కొన్ని సెన్సర్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, ఇంజన్ వేడెక్కాక తప్పుతాయి. అందువల్ల బండిని అరగంట నడిపి వచ్చి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. చేస్తూ ఒకసారి సెన్సర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, ఒకసారి వైర్ల కట్టను అటూ ఇటూ కదపండి. తట్టినప్పుడు విలువ గెంతితే సెన్సర్‌ను, కట్టను కదిపినప్పుడు గెంతితే వైరింగ్‌ను అనుమానించాలి.

కేబుల్ బండ్లకు మాత్రమే పనికివచ్చే మరో పరీక్ష ఉంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, వాహనాలు లేని రోడ్డు మీద కొద్ది దూరం నెమ్మదిగా నడిపి చూడండి. చాలా బండ్లలో ఈసీయూ అప్పుడు ప్రెషర్ సెన్సర్‌ను, ఇంజన్ వేగాన్ని ఆధారం చేసుకుని ఒక ప్రత్యామ్నాయ విలువతో నెట్టుకొస్తుంది. లైటు వెలుగుతుంది, పికప్ మందగిస్తుంది. అయినా పాత కుదుపులు మాయమైతే సెన్సర్ మీద అనుమానం బలపడినట్టే. కుదుపులు అలాగే ఉంటే ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గు వైర్లు, పెట్రోలు పీడనం, గాలి లీకుల వైపు వెళ్లాలి. ఈ పరీక్ష చేస్తే మరో కోడ్ నమోదవుతుంది కాబట్టి, దీనికి ముందే మీ మెకానిక్‌ను ఫ్రీజ్ ఫ్రేమ్ చూడమని అడగండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేగం, బండి వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత ఎంతెంత ఉన్నాయో ఈసీయూ అందులో దాచి ఉంచుతుంది, కోడ్ చెరిపేయగానే ఆ వివరాలూ పోతాయి. వాటిలో మీరు చెప్పిన 30, 40 కిలోమీటర్ల వేగమే కనిపిస్తే, మీటర్‌లోనూ అదే మేరలో వోల్టేజి గెంతితే, మారుమాట లేకుండా సెన్సర్ మార్పించండి.

ప్రశ్న: ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ పరికరం (ఈసీయూలోని కోడ్లను, కొలతలను చదివేది) కొన్నాను. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా, పెడల్ మీద కాలు పెట్టకపోయినా యాప్‌లో థ్రాటిల్ పొజిషన్ 14 శాతం అని చూపిస్తోంది. సున్నా ఉండాలి కదా?
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉండనక్కర్లేదు. ఆ వరుసలో కనిపించేది చాలా బండ్లలో సెన్సర్ వోల్టేజి 5 వోల్టులలో ఎన్నో వంతు అన్న లెక్క మాత్రమే. మూసి ఉన్న థ్రాటిల్ 0.7 వోల్టు ఇస్తే, 5లో అది సరిగ్గా 14 శాతం. ఇదే లెక్కన పూర్తిగా తొక్కినప్పుడు కూడా 100 రాదు, 80, 90 మధ్యలో ఆగిపోవచ్చు. దాన్ని కూడా లోపమనుకోకండి. యాప్‌లో రిలేటివ్ థ్రాటిల్ పొజిషన్ అనే మరో వరుస ఉంటే, అది మాత్రం మూసిన స్థితిని సున్నాగా తీసుకుని చెబుతుంది.

మీరు గమనించవలసింది ఆ 14 ఎప్పుడూ 14గానే ఉంటుందా అన్నది. ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి, పెడల్‌ను పలుమార్లు తొక్కి వదలండి. ప్రతిసారీ అదే అంకె దగ్గరికి తిరిగి వస్తే మంచిది. ఒకసారి 14, ఒకసారి 17, మరోసారి 15 అని వస్తుంటే పలక మసి వల్ల అతుక్కుంటోందేమో, కేబుల్ పట్టేస్తోందేమో, సెన్సర్ అరిగిందేమో చూడాలి. ఈ చిన్న పరికరాలు ఒకేసారి ఎక్కువ వరుసలు తెచ్చుకుంటూ నెమ్మదిస్తాయి కాబట్టి, పరీక్షించేటప్పుడు యాప్‌లో థ్రాటిల్ ఒక్కటే ఉంచి మిగిలినవి తీసేయండి. అలా చేసినా క్షణికమైన గెంతులు వాటికి చిక్కుతాయన్న నమ్మకం లేదు.

ప్రశ్న: పెద్ద వాన కురిసిన మరునాడు మా కారు స్టార్ట్ కాలేదు. వర్క్‌షాప్‌లో పి0122, పి0107 కోడ్లు ఒకేసారి వచ్చాయని, థ్రాటిల్ సెన్సర్‌తో పాటు మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ కూడా మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. రెండూ ఒకే రోజు పోతాయా?
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ సందేహమే సరైనది, ఆ ఎస్టిమేట్‌కు ఇప్పుడే ఒప్పుకోకండి. పి0122 థ్రాటిల్ సిగ్నల్ మరీ తక్కువగా ఉందని, పి0107 మానిఫోల్డ్ ప్రెషర్ సిగ్నల్ మరీ తక్కువగా ఉందని చెబుతాయి. చాలా బండ్లలో ఈ రెండు సెన్సర్లకూ ఈసీయూ లోపల ఒకే మూలం నుంచి 5 వోల్టుల సరఫరా అందుతుంది. ఆ సరఫరా ఎక్కడైనా ఎర్త్‌కు తగిలి కుప్పకూలితే, దాని మీద ఆధారపడిన సెన్సర్లన్నీ ఒక్కసారే సున్నా దగ్గరికి పడతాయి. కోడ్లు రెండు, లోపం ఒక్కటే కావచ్చు.

తాళం ఆన్ చేసి థ్రాటిల్ సెన్సర్ కనెక్టర్‌లో 5 వోల్టులు వస్తున్నాయో లేదో కొలవమనండి. రాకపోతే, మీటరును అక్కడే ఉంచి, అదే సరఫరా మీద ఉన్న మిగిలిన సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోవాలి. కొన్ని బండ్లలో ఏసీ గ్యాస్ పీడనాన్ని చూసే సెన్సర్ కూడా ఈ గుంపులోనే ఉంటుంది, అది బండి ముందు భాగంలో ఉండి నీళ్లకు సులభంగా దొరుకుతుంది. దేన్ని ఊడదీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో, దోషి అదే. అన్నీ ఊడదీసినా రాకపోతే వైరింగ్‌లో చూడాలి. వైర్ల కట్ట ఇనుప బ్రాకెట్‌కు రాసుకుని తొడుగు చిరిగిన చోట నీరు చేరి ఉండవచ్చు.

దీనికి తిరగబడిన సందర్భమూ ఉంది. పి0123తో పాటు కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌కు చెందిన పి0118 కూడా వచ్చి, స్కానర్‌లో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలుగా కనిపిస్తే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉండే సెన్సర్ ఎర్త్ ఊడిపోయిందని మొదట అనుమానించాలి. ఓరుగల్లులో మైనస్ 40 డిగ్రీల చలి పడదు కదా; స్కానర్ చూపిన అంకెను బయటి వాస్తవంతో పోల్చుకునే అలవాటు ఉంటే ఇలాంటివి నిమిషంలో పట్టుబడతాయి.

ప్రశ్న: థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ కొత్తది వేయించినప్పటి నుంచి ఐడ్లింగ్ నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఉండిపోతోంది. మెకానిక్ ఒక స్క్రూ తిప్పి కొంత తగ్గించారు కానీ ఇప్పుడు ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోతోంది. కొత్త సెన్సర్ కూడా చెడిపోయిందా?
ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చెడిపోయి ఉండకపోవచ్చు, బిగింపులో తేడా జరిగి ఉండవచ్చు. మీ సెన్సర్‌కు స్క్రూలు పట్టే రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోలగా ఉన్నాయా అన్నది మొదట చూడాలి. కోలగా ఉంటే ఆ సెన్సర్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి సర్దుబాటు చేయాలి. స్క్రూలు వదులుగా ఉంచి, సిగ్నల్ వైరు మీద మీటరు పెట్టి, థ్రాటిల్ మూసి ఉండగా మాన్యువల్ చెప్పిన వోల్టేజి వచ్చే చోట బిగించాలి. కంటి అంచనాతో బిగించేస్తే మూసిన థ్రాటిల్‌ను ఈసీయూ కొద్దిగా తెరిచి ఉన్నట్టు చదువుతుంది. డ్రైవరు కాలు ఇంకా పెడల్ మీదే ఉందనుకుని ఐడ్లింగ్ నియంత్రణకు పూనుకోదు, వాలులో కాలు తీసినప్పుడు పెట్రోలు ఆపదు, మైలేజీ పడిపోతుంది. రంధ్రాలు గుండ్రంగా ఉన్న రకంలో సర్దుబాటు అవసరం లేదు. మూసిన స్థితిలో వచ్చే కనిష్ఠ విలువను ఈసీయూ తానే నేర్చుకుంటుంది. ఆ నేర్పించే పద్ధతి కొన్ని బండ్లలో స్కానర్‌తో, కొన్నింటిలో తాళాన్ని ఒక క్రమంలో ఆన్, ఆఫ్ చేయడంతో ఉంటుంది.

మెకానిక్ తిప్పిన స్క్రూ నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. అది పలక గోడను గుద్దుకోకుండా ఆపే స్టాప్ స్క్రూ అయితే, ఫ్యాక్టరీలో దాన్ని సరిచేసి పెయింటు చుక్కతో సీలు వేసి ఉంటారు. ఐడ్లింగ్ సర్దడానికి పెట్టింది కాదు. కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటి కిటుకును ఇంజెక్షన్ బండ్ల మీద ప్రయోగించడం ఇంకా పోలేదు. దాన్ని మొదటి స్థానానికి తెచ్చాకే సెన్సర్ వోల్టేజి సరిచూడాలి, ఆ తరవాతే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వు (ఐడ్లింగ్‌లో ఇంజన్‌కు వెళ్లే గాలిని సర్దేది) శుభ్రంగా ఉందో లేదో చూడాలి. ఈ వరుస తప్పితే ఒక తప్పును మరో తప్పు కప్పేస్తుంది.

బిగించేటప్పుడు జరిగే మరో పొరపాటు కూడా చెబుతాను. సెన్సర్‌ను ఇరుసు మీద కూర్చోబెట్టాక లోపలి స్ప్రింగుకు ఎదురుగా కొంత తిప్పి స్క్రూల దగ్గరికి తేవాలి. అలా తిప్పకుండా తప్పు వైపు నుంచి కూర్చోబెడితే మూసిన థ్రాటిల్‌కే 4 వోల్టులకు పైగా చూపవచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు పెడల్ పూర్తిగా తొక్కి ఉందనిపిస్తే, సిలిండర్లలో మునిగిన పెట్రోలు ఆరడానికని ఈసీయూ ఇంజెక్టర్లను ఆపేసే ఏర్పాటు అనేక బండ్లలో ఉంది. సెన్సర్ మార్చాక బండి అసలే స్టార్ట్ కాకపోతే ఇది గుర్తు చేసుకోండి.

ప్రశ్న: మా కారులో యాక్సిలరేటర్ కేబుల్ లేదు, అంతా ఎలక్ట్రానిక్. ఫ్లైఓవర్ మీద ఉండగా ఒక్కసారిగా పికప్ పోయి, ఎంత తొక్కినా బండి పాకినట్టే వెళ్లింది. పక్కన ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే మామూలైంది. కోడ్ పి2135 అన్నారు. సెన్సర్ ఒక్కటే మార్చవచ్చా? అది తప్పు చెబితే బండి తనంతట తాను దూసుకుపోయే ప్రమాదం ఉందా?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ భయం సహజమే కానీ, ఆ రోజు మీ బండి అందుకు విరుద్ధంగా ప్రవర్తించింది. ఇలాంటి బండ్లలో థ్రాటిల్ బాడీలో రెండు సెన్సర్లు, పెడల్ దగ్గర మరో రెండు ఉంటాయి. థ్రాటిల్ బాడీలోని జంటలో చాలా చోట్ల ఒకదాని వోల్టేజి పెరుగుతుంటే రెండోదాని వోల్టేజి తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5 దగ్గరే ఉంటుంది. పెడల్ జంటలో తరచుగా ఒకటి రెండోదానిలో సగం చూపుతుంది. ఈ లెక్క తప్పిన క్షణంలో ఏ సెన్సర్ నిజం చెబుతోందో తేల్చుకునే ప్రయత్నం చేయకుండా ఈసీయూ శక్తిని కుదించేస్తుంది. థ్రాటిల్ బాడీలోని స్ప్రింగు పలకను కొద్దిపాటి తెరుపు దగ్గర నిలబెడుతుంది. బండి పాకడానికి కారణం అదే. పి2135 అంటే థ్రాటిల్ వైపు జంటలో పొంతన తప్పిందని. పెడల్ వైపు తప్పితే సాధారణంగా పి2138 వస్తుంది.

2009, 2010 సంవత్సరాల్లో అమెరికాలో టొయోటా కార్లు తమంతట తామే వేగం పుంజుకుంటున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు, అక్కడి రవాణా శాఖ నాసా ఇంజినీర్ల చేత వాటి ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను పరిశీలింపజేసింది. ప్రమాదకరమైన మేరకు థ్రాటిల్ తెరుచుకునేలా చేసే ఎలక్ట్రానిక్ లోపం తమకు కనిపించలేదని 2011 ఫిబ్రవరిలో వెలువడిన నివేదికలో వారు తేల్చారు. అయితే చెడిపోయిన ఒక పెడల్ సెన్సర్‌లో వెంట్రుక కన్నా సన్నని తగరపు తీగలు మొలిచి రెండు సిగ్నళ్లను కలిపేసిన ఉదంతం వారికి ఎదురైంది. జంట సెన్సర్లు పెట్టినంత మాత్రాన అవి ఒకదానితో ఒకటి కలవవన్న హామీ లేదన్నమాట. కాబట్టి మళ్లీ సరిగా నడుస్తోంది కదా అని వాయిదా వేయకండి.

సెన్సర్ విడిగా దొరకడం అరుదు; చాలా కంపెనీలు థ్రాటిల్ బాడీని మొత్తంగానే అమ్ముతాయి, దాని ధర చిన్నది కాదు. అందుకే ముందు కనెక్టర్‌లో తేమ, వదులైన పిన్నులు, నీరసించిన బ్యాటరీ, ఈసీయూ ఎర్త్ చూపించండి. తాళం ఆన్‌లో ఉండగా వేలితో పలకను కదిలించడానికి ఎవరినీ అనుమతించకండి, మోటారు పలకను ఒక్కసారిగా మూసేస్తే వేలు నలిగిపోతుంది. ఖమ్మం పాఠకుడికి చెప్పిన కనెక్టర్ ఊడదీసి నడిపే పరీక్ష కూడా మీ బండికి పనికిరాదు.

ప్రశ్న: డీజిల్ కారులోనూ ఈ సెన్సర్ ఉంటుందా?
ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: సీఆర్‌డీఐ (ఇంజెక్టర్లను ఈసీయూ నియంత్రించే కామన్ రెయిల్) డీజిల్ కార్లలో మీరు ఎంత తొక్కారో చెప్పేది పెడల్ దగ్గరి సెన్సర్, ఇంజన్ శక్తిని నిర్ణయించేది గాలి కాదు, ఇంజెక్టర్లు పోసే డీజిల్. అయినా చాలావాటిలో గాలి దారిలో ఒక పలక ఉంటుంది. ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) సరిగా పనిచేయడానికి, ఇంజన్ ఆపినప్పుడు వణుకు లేకుండా ఆగడానికి అది ఉపయోగపడుతుంది. దాని స్థానం చెప్పే సెన్సర్ తప్పినా లైటు వెలుగుతుంది, కానీ పికప్ పోతే మొదట చూడవలసింది పెడల్ సెన్సర్‌నే.

ప్రశ్న: మా బీఎస్-6 బైక్‌కు వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజే ఇంజన్ లైటు వెలిగింది, రేజ్ ఇస్తే తడబడుతోంది. థ్రాటిల్ సెన్సర్‌ను విప్పి కార్బ్యురేటర్ స్ప్రేతో కడిగితే సరిపోతుందని మిత్రుడు అంటున్నాడు. చేయవచ్చా?
ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక చిన్న బైకుల్లోనూ కార్బ్యురేటర్ స్థానంలో థ్రాటిల్ బాడీ వచ్చింది. చాలా బైకుల్లో ఈ సెన్సర్‌ను గాలి పీడనం, గాలి ఉష్ణోగ్రత చూసే సెన్సర్లతో కలిపి ఒకే డబ్బాగా బిగిస్తారు. దాన్ని విప్పితే ఫ్యాక్టరీలో కుదిర్చిన స్థానం చెదిరిపోయే అవకాశం ఉంది. ఘాటైన స్ప్రే ఇరుసు సందుల్లోంచి లోపలికి దిగితే కార్బన్ పట్టీని, రబ్బరు సీలును పాడుచేస్తుంది. కొన్ని థ్రాటిల్ బాడీల లోపలి గోడకు వేసిన పూతను కూడా లేపేస్తుంది. పలక చుట్టూ మసి ఉంటే థ్రాటిల్ బాడీ కోసమే తయారుచేసిన క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి తప్ప, నేరుగా చిమ్మకూడదు.

మీ బండిలో లైటు నీళ్లు కొట్టించిన రోజే వెలిగింది కాబట్టి కనెక్టర్‌లోకి నీరు చేరి ఉంటుందన్నదే మొదటి అనుమానం. తాళం ఆఫ్ చేసి, కనెక్టర్ విప్పి, రెండు వైపులా పూర్తిగా ఆరనిచ్చి, లోపలి రబ్బరు సీలు చోటు తప్పలేదని చూసి మళ్లీ లాక్ పడేదాకా నొక్కండి. లైటు ఆరకపోతే అది మెరిసే తీరును గమనించి రాసుకోండి. కొన్ని బైకుల్లో పొడవాటి, పొట్టి మెరుపుల లెక్కే కోడ్, ఆ లెక్క మీ బండి సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకోవచ్చు. ఇకమీదట సర్వీసింగ్‌లో సీటు కింది భాగానికి, థ్రాటిల్ బాడీకి దగ్గర నుంచి ప్రెషర్ నీళ్లు కొట్టవద్దని ముందే చెప్పండి.